బ్యాలెకి బొమ్మ వేయమన్నారు, ఎక్కడ వేయాలో తేలట్లేదు

కుంచె_కాగితం · ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్తే. మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి బయటపడి 9 ఏళ్లయింది. ఎక్కువగా బొగ్గుతో, పెద్ద కాగితాల మీద గీస్తాను. జూబ్లీహిల్స్‌లో బ్యాలె నేర్పే ఒక మేడం మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో నా బొమ్మలు చూసి ఫోన్ చేశారు. జనవరిలో వాళ్ల విద్యార్థుల ప్రదర్శన ఉందట. 35 నిమిషాల కొత్త అంశం, 22 మంది. ఎనిమిదేళ్ల పాప దగ్గర్నుంచి నలభై దాటిన ఆవిడ దాకా ఉన్నారు. "మీరూ మేమూ కలిసి ఏదైనా చేద్దాం" అన్నారు. ఎగిరి గంతేశాను. తీరా కలిస్తే ఆవిడ మనసులో ఉన్నది వెనక కట్టే పెద్ద తెర. చెరువు, చెట్లు, పైన చందమామ. సామానుకి 40 వేలు.

తెర గీయడం నామోషీ అని కాదు. రెండేళ్ల కిందట ఒక డాన్స్ కార్యక్రమం వాళ్లు నా బొమ్మని ఫొటో తీసి, వెనక ఎల్ఈడీ గోడ మీద గంటసేపు వేశారు. పేరు లేదు, మాటవరసకైనా అడగలేదు. పెళ్లి స్టేజీ వెనక ఫ్లెక్సీలా ఉంది నా బొమ్మ. అప్పట్నుంచి బ్యాక్‌డ్రాప్ అన్న మాట వింటేనే చిరాకు.

బొమ్మా నాట్యమూ నిజంగా కలిస్తే ఎలా ఉంటుంది? చేసినవాళ్లు, చూసినవాళ్లు, చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి. మేడంకి శుక్రవారంలోగా జవాబివ్వాలి, టెన్షన్‌గా ఉంది.

ఊరికే_చదువుతా · ఆదివారం, రాత్రి 10:40

ఏ బ్యాలె అక్కా? చిన్నప్పుడు మా నాన్న "బ్యాలె ఉంది పదండి" అని రవీంద్రభారతికి తీసుకెళ్తే అక్కడ కృష్ణుడు, సత్యభామ, పారిజాతం చెట్టు. తెల్ల గౌనేసుకుని మునివేళ్ల మీద తిరిగేదాన్ని కూడా బ్యాలె అంటారని నాకు ఇంటర్‌లో తెలిసింది.

గజ్జెల_గౌరి · సోమవారం, ఉదయం 6:15

నవ్వొచ్చింది కానీ నిజమే. మా గురువుగారి తరంలో కరపత్రాల మీద "కూచిపూడి బ్యాలె" అనే వేసేవారు. నృత్యనాటకం అంటే పాతదనీ, బ్యాలె అంటే కాస్త గొప్పగా వినిపిస్తుందనీ కాబోలు.

కుంచె గారూ, మీకు ఉదయశంకర్ సంగతి పనికొస్తుంది. ఆయన లండన్ వెళ్లింది డాన్స్ కోసం కాదు, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో పెయింటింగ్ చదవడానికి. అక్కడ అన్నా పావ్లోవా కంట పడ్డారు. 1923లో ఇద్దరూ కలిసి రాధాకృష్ణుల నృత్యం చేశారు. రష్యన్ బ్యాలె మహారాణి రాధ, మన పెయింటింగ్ స్టూడెంట్ కృష్ణుడు! బొమ్మలు వేసేవాళ్లకి ఇక్కడ పనేముంది అని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి.

పాతపేపర్ · సోమవారం, మధ్యాహ్నం 1:05

మీ ప్రశ్నకి ముత్తాత లాంటి కథ ఒకటుంది. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

1917 మే 18, పారిస్‌లో షాట్లే థియేటర్. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తోంది. దియాగిలెవ్ నడిపే రష్యన్ బ్యాలె బృందం 'పరేడ్' అనే బ్యాలె వేసింది. ఇతివృత్తం కాక్తో, సంగీతం సాతీ, నృత్యం మాసిన్. తెర, సెట్టు, వేషాలు పికాసో. కథంటూ పెద్దగా లేదు. సర్కస్ డేరా బయట జనాన్ని లోపలికి లాగడానికి చేసే చిన్న చిన్న విన్యాసాలు, అంతే. మన జాతరల్లో డేరా ముందు మైకు పట్టుకుని "రండి బాబూ రండి" అని అరుస్తారే, అదే పని.

ముందు తెర 16 మీటర్లకి పైగా వెడల్పు, పదిన్నర మీటర్ల ఎత్తు. రెక్కల గుర్రం, సర్కస్ మనుషులు, నిచ్చెన, అంతా మెత్తగా, కలలాగా ఉంటుంది. పికాసో అంటే ఏదో భయపడ్డాం, బాగానే ఉందే అనుకుని ఉంటారు జనం. తెర లేచింది. లోపల్నుంచి సుమారు 3 మీటర్ల ఎత్తున, అట్టలతో చేసిన మేడలు భుజాన మోసుకుంటూ జనాన్ని పిలిచే సర్కస్ మేనేజర్ల వేషాలు నడిచొచ్చాయి. అవి బట్టలో, బొమ్మలో, కట్టడాలో చెప్పలేం. లోపలున్న నర్తకుడికి నడుం వంగదు, చేతులాడవు, కాళ్లతో నేలని దబదబా కొట్టగలడు. మాసిన్ ఆ దబదబనే నాట్యం చేశాడు. మూడో మేనేజర్ గుర్రం మీద వచ్చే బొమ్మ రౌతు. రిహార్సల్లో ఆ బొమ్మ కాస్తా కిందపడితే, సరే పొమ్మని ఉత్త గుర్రాన్నే ఉంచేశారు. ఇద్దరు మనుషులు లోపల దూరి ఆడించే గుర్రం, మన పులివేషం లెక్కన.

సంగీతంలో టైపురైటర్, తుపాకి, సైరన్ చప్పుళ్లు. హాల్లో ఈలలు, తిట్లు. తిట్టిన విమర్శకుడికి సాతీ కోపంగా పోస్టుకార్డు రాసి, కోర్టులో 8 రోజుల జైలు శిక్ష వేయించుకున్నాడు. పికాసో మాత్రం అదే బృందంలోని ఓల్గా ఖోఖ్లోవా అనే నర్తకిని మరుసటి ఏడాది పెళ్లి చేసుకున్నాడు. ఎవరి ప్రాప్తం వాళ్లది.

నేనంటాను, పికాసో ముందు తెర ఒక్కటే గీసి ఇంటికెళ్తే ఇవాళ మనం దీని గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. బొమ్మని తీసుకొచ్చి మనిషి ఒంటికి తొడిగాడు. అక్కడుంది విషయం.

ఐదో_భంగిమ · సోమవారం, మధ్యాహ్నం 2:30

ఆ అట్టల లోపలున్న మనిషిని ఎవరైనా అడిగారా సార్?

గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగం, సాయంత్రాలు బ్యాలె, ఆరేళ్లుగా. ఆర్టిస్టులు "ఒంటికి తొడుగుతా" అన్నప్పుడల్లా నాకు భయం. మేం ఎన్నేళ్లో కష్టపడి నేర్చుకునేది శరీరం గీత కనబడటం కోసం. మెడ, వీపు, మోకాలి వెనక భాగం, పాదం కొస. దాన్ని డబ్బాలో పెట్టి మూస్తే చూసేవాళ్లకి సరదా, మాకు చెమట.

పాతపేపర్ · సోమవారం, మధ్యాహ్నం 2:52

అడగలేదనే అనుకుంటా. ఒప్పుకుంటున్నా. ఒంటికి తొడిగినా మనిషిని మూయని ఉదాహరణ చెప్తా. 1958లో మెర్స్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ నాట్యకారుడు 'సమ్మర్‌స్పేస్' అనే నృత్యం చేశాడు. రౌషెన్‌బర్గ్ అనే పెయింటర్ వెనక తెర నిండా రంగు చుక్కలు పెట్టి, నర్తకుల బట్టల మీద కూడా అవే చుక్కలు పెట్టాడు. ఒంటికి అతుక్కునే బట్టలే, గీత ఎక్కడికీ పోదు. కదిలితే మనిషి, ఆగితే తెరలో కలిసిపోతాడు. పొలంలో మిడత లాగా. కనింగ్‌హామ్‌ది బ్యాలె కాదని మీరంటారు. కానీ 1966లో న్యూయార్క్ సిటీ బ్యాలె దీన్నే పాయింట్ షూలతో, అంటే మునివేళ్ల మీద నిలబడే గట్టి కొసల షూలతో చేసింది.

తెరవెనక_తాత · సోమవారం, రాత్రి 8:20

అమ్మా కుంచె కాగితం, తెర అంటే అంత చులకన పనికిరాదు. నలభై ఏళ్లు పద్యనాటకాలకి తెరలు కట్టిన చేతులివి. తెర పడగానే, నటుడు రాకముందే జనం చప్పట్లు కొట్టిన రోజులు చూశాను. శేరిలింగంపల్లి సురభి కాలనీకి వెళ్లి ఒక్కసారి వాళ్ల తెరలు చూడు. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్లో మొదలైన నాటకాల వాళ్లు. దర్బారు తెర తీసి అడవి తెర దింపితే లోకమే మారిపోతుంది.

పని సంగతి చెప్తాను, రాసుకో. కోరా గుడ్డ తీసుకో. పొడి రంగుల్లో ఉడికించిన బంక కలుపు. గుడ్డని నేల మీద పరిచి, కుంచెకి పొడుగు కర్ర కట్టి, చెప్పుల్లేకుండా దాని మీదే నడుస్తూ వేయాలి. నిలబడి చూస్తే ఏమీ అర్థం కాదు, నిచ్చెనెక్కి చూడాలి. ఇప్పటివాళ్లు అక్రిలిక్ దళసరిగా పూస్తారు. రెండుసార్లు చుట్టి విప్పితే పగుళ్లు. మీ పికాసో దేంతో వేశాడో?

పాతపేపర్ · సోమవారం, రాత్రి 8:31

తాతగారూ, బంక రంగులే! ఆ తెర ఇప్పుడు పారిస్‌లో పాంపిడూ సెంటర్ వాళ్ల దగ్గరుంది.

తెరవెనక_తాత · సోమవారం, రాత్రి 8:33

చెప్పానా.

లైటుబాయ్_కాచిగూడ · సోమవారం, రాత్రి 11:48

షో అయిపోయి ఇప్పుడే ఇంటికొచ్చిన, అందుకే లేటు. అందరూ రంగుల గురించి మస్తు మాట్లాడుతున్నరు, లైటు సంగతి ఎవరూ అడగరు గదా. ఆకుపచ్చ చెట్టు గీసి, దాని మీద ఎర్ర లైటు వేస్తే నల్లగా అయిపోతది. మీరు ఇంట్లో ట్యూబ్‌లైటు కింద చూసిన రంగు స్టేజీ మీద ఉండదు. బొగ్గు అన్నరు చూడండి, అది మంచిది. నలుపు తెలుపు మీద నేను ఏ రంగైనా పోయగలను.

ఇంకొకటి. బ్యాలెకి లైట్లు ఎక్కువ పక్కల నుంచి కొట్టాలె, అప్పుడే ఒళ్లు గుండ్రంగా కనబడతది. తెర దగ్గరగా డాన్స్ చేస్తే నీడలు తెర మీద పడి మీ చెరువులో దయ్యాలు తిరుగుతయి. కనీసం ఆరేడు అడుగులు వదలాలె. చిన్న హాల్ అయితే పిల్లలు ఎక్కడ తిరగాలె మరి? ప్రొజెక్టర్ పెడతా అంటే ఇంకా పరేషాన్. అది సగం మొహాల మీద పడతది.

ఊరికే_చదువుతా · మంగళవారం, ఉదయం 9:10

ఒక మాట అంటే కోపం తెచ్చుకోవద్దు. ఈ బ్యాలె ప్లస్ మోడరన్ ఆర్ట్ అంతా టికెట్లు అమ్ముకునే తెలివి కాదా? న్యూయార్క్ సిటీ బ్యాలె వాళ్లు ఆర్ట్ సిరీస్ అని ఏటా ఒక ఆర్టిస్టుని పిలిచి లాబీలో ఏదో పెట్టిస్తారు, కుర్రకారు వచ్చి ఫొటోలు దిగి వెళ్తారు. ఆర్టూ కాదు, నాట్యమూ కాదు, సెల్ఫీ పాయింట్.

పాతపేపర్ · మంగళవారం, ఉదయం 10:02

సగం నిజం. ఆ ఆర్ట్ సిరీస్ 2013లో మొదలైంది, కొత్త ప్రేక్షకుల కోసమేనని వాళ్లే చెప్పుకున్నారు. కొన్ని రాత్రులు టికెట్లు 30 డాలర్ల లోపే పెట్టారు. అందులో తప్పేముంది? మన దగ్గర పాస్‌లు ఉచితంగా ఇచ్చినా ముందు వరుసలు ఖాళీ.

2014లో జేఆర్ అనే ఫ్రెంచ్ కళాకారుడు చేసింది చూడండి. నర్తకుల్ని పరిచిన కాగితాల మధ్య పడుకోబెట్టి పైనుంచి ఫొటో తీసి, దాన్ని నిలువెత్తు మనుషుల కొలతలో లాబీ నేలంతా అతికించాడు. 80 మందికి పైగా. కింద నడిచేవాళ్లకి కాళ్ల పక్కన మనుషులు, పై అంతస్తు నుంచి చూస్తే అంతా కలిసి ఒక పెద్ద కన్ను. మామూలుగా బాల్కనీ టికెట్ అంటే చవక సీటు. అక్కడ మాత్రం పైనున్నవాడికే బొమ్మ పూర్తిగా కనబడింది. నాకు ఆ ఒక్కటీ చాలు. అదే ఏడాది అదే బృందంతో స్టేజీ మీద 'లే బోస్కే' అని ఒక బ్యాలె కూడా చేశాడు, 2005లో పారిస్ శివారుల్లో జరిగిన అల్లర్ల మీద. దాన్ని సెల్ఫీ పాయింట్ అనలేం.

ఊరికే_చదువుతా · మంగళవారం, ఉదయం 10:20

సరే, నేల మీద బొమ్మ అన్నది బాగుంది. మిగతాది ఇంకా ఒప్పుకోలేదు.

కుంచె_కాగితం · మంగళవారం, ఉదయం 11:00

నేల! నేనెందుకు ఆలోచించలేదో. నేల మీద కాగితం పరిచి బొమ్మ వేసి, దాని మీద వాళ్లు నాట్యం చేస్తే?

ఐదో_భంగిమ · మంగళవారం, ఉదయం 11:04

వద్దు వద్దు వద్దు.

పాయింట్ షూ కొస ఎంతుంటుందో తెలుసా? పాత రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. ఒళ్లంతా దాని మీద ఉంటుంది. కాగితం జారిందంటే చీలమండ మెలిపడుతుంది, ఆరు నెలలు మంచం. మేం నేల మీద పరిచేది ప్రత్యేకమైన వినైల్ షీటు, జారకుండా షూలకి రోజిన్ పొడి రాసుకుంటాం. దాని మీద నున్నటి పెయింట్ వేసినా, పొడి చల్లినా ప్రమాదమే. చూడ్డానికి ఎంత బాగున్నా సరే, నేలతో ఆటలొద్దు.

లైటుబాయ్_కాచిగూడ · మంగళవారం, మధ్యాహ్నం 12:15

గాల్లో వేలాడదీయొచ్చు గదా ఏదైనా?

పాతపేపర్ · మంగళవారం, మధ్యాహ్నం 12:40

అదీ చేశారు. 1968లో కనింగ్‌హామ్ చేసిన 'రెయిన్‌ఫారెస్ట్' నృత్యానికి ఆండీ వార్హోల్ అనే ఆర్టిస్టు వెండి రంగు దిండ్లు ఇచ్చాడు, లోపల హీలియం. స్టేజీ అంతా తేలుతుంటాయి, నర్తకుల చెయ్యి తగిలితే జరుగుతాయి. ఎటు పోతాయో ఎవరికీ తెలీదు. 2012లో లండన్ రాయల్ బ్యాలె నేషనల్ గ్యాలరీతో కలిసి, టిషియన్ అనే పాతకాలపు ఇటలీ చిత్రకారుడి పెయింటింగుల మీద మూడు కొత్త బ్యాలెలు చేయించింది. అందులో ఒకదానికి కాన్రాడ్ షాక్రాస్ అనే శిల్పి, ఫ్యాక్టరీల్లో ఉండే రోబో చేతికి లైటు తగిలించి స్టేజీ మీద నిలబెట్టాడు. అదీ ఒక పాత్రే.

లైటుబాయ్_కాచిగూడ · మంగళవారం, మధ్యాహ్నం 12:44

రోబో వద్దు అక్కా, మా పొట్ట కొట్టకండి.

గజ్జెల_గౌరి · మంగళవారం, రాత్రి 9:30

పొద్దున్నుంచీ చదువుతున్నా, క్లాసులు అయ్యేసరికి ఇప్పుడైంది. పారిస్, న్యూయార్క్, లండన్ అన్నీ తిరిగొచ్చారు. మన ఇంట్లో ఉన్నది ఎవరూ చెప్పరేం?

మొదటిది తెర. భామాకలాపంలో తెర వెనక ఉండదు. ఇద్దరు మనుషులు ముందు పట్టుకు నిలబడతారు. సత్యభామ దాని వెనక నుంచి జడ మాత్రం తీసి ఇవతలికి వేస్తుంది. మనిషి ఇంకా కనబడలేదు, జడ కనబడింది, సభ అంతా జడనే చూస్తోంది. తెర అక్కడ నటిస్తోంది. కాబట్టి తెర అంటే గోడకి కట్టేదే అనుకోకండి.

రెండోది, కుంచె గారి ప్రశ్నకి సూటి జవాబు అనుకుంటా. సింహనందిని. కూచిపూడి పద్ధతిలో చేసే అంశం. నేల మీద రంగు పొడి పరిచి, పైన గుడ్డ వేసి, ఆ గుడ్డ మీద సింహనందన తాళంలో అడుగులు వేస్తూ కాళ్లతో సింహం బొమ్మ గీస్తారు. 128 అక్షరాల తాళం (అక్షరం అంటే ఇక్కడ తాళం లెక్క), అంత పొడుగైనది ఇంకోటి లేదు. లెక్క తప్పితే సింహానికి తోక ఉండదు. చివర్లో గుడ్డ పైకెత్తి చూపిస్తారు. నెమలిని గీసేది కూడా ఉంది. నేను ఒక్కసారే చేశాను, నా సింహం పిల్లిలా వచ్చింది, అది వేరే కథ.

అంటే చిత్రకారుడు ముందే గీసి ఇచ్చేది కాదు, నాట్యం అయ్యాక మిగిలేది. మీ బొగ్గుకి ఇది సరిపోతుందేమో చూడండి.

ఐదో_భంగిమ · మంగళవారం, రాత్రి 9:52

గౌరి గారూ, ఇది వేరు. పాయింట్ షూలతో కుదరదు కానీ మెత్తటి షూలు వేసుకుని, నెమ్మదైన కదలికలు ఒకే మనిషి చేస్తే ప్రమాదం తక్కువ. మా దగ్గర రాన్ ద జాంబ్ అని ఒకటుంది, రోజూ చేసేదే. ఒక కాలి మీద నిలబడి రెండో కాలి కొసతో నేల మీద అర్ధచంద్రం గీయడం. గీయడం అనే అంటాం మేం కూడా. ఇన్నేళ్లలో ఒక్కసారీ గీత కనబడలేదంతే.

కుంచె_కాగితం · మంగళవారం, రాత్రి 9:55

అర్ధచంద్రం. మేడంకి కావాల్సింది చందమామ! రేపు ఫోన్ చేస్తా.

తెరవెనక_తాత · బుధవారం, ఉదయం 5:40

చేసే ముందు కాగితం మీద మాట రాయించుకో తల్లీ. ఆహ్వాన పత్రికలో నీ పేరు, నాట్యం కూర్చినవారి పేరు పక్కపక్కన, ఒకే సైజు అక్షరాల్లో. సామాను ఖర్చు వేరు, నీ కూలి వేరు. షో అయ్యాక ఆ గుడ్డ ఎవరిదో కూడా. నలభై ఏళ్లలో కరపత్రం మీద నా పేరు రెండుసార్లు పడింది, అందులో ఒకసారి ఇంటిపేరు తప్పు.

కుంచె_కాగితం · తరువాతి నెల, శనివారం, రాత్రి 11:20

పాత చర్చని పైకి లేపుతున్నందుకు క్షమించండి. అప్పుల పద్దు లాగా ఎవరికి ఏం బాకీ ఉన్నానో చెప్పాలి.

మేడం మొదట ఒప్పుకోలేదు. "మసి అంటుకుంటే తల్లిదండ్రులు ఊరుకోరు" అన్నారు. నిజమే, తెల్ల బట్టలు. మూడు ఆదివారాలు రిహార్సల్ హాల్లో ప్రయోగాలు చేశాం. కాగితం మొదటి పది నిమిషాల్లోనే చిరిగింది. సింహనందినిలో లాగా పొడి కింద, గుడ్డ పైన పెడితే మా గుడ్డ దళసరి, ఏమీ దిగలేదు. పల్చటి గుడ్డ పెడితే ముడతలు. చివరికి 12 అడుగుల కోరా గుడ్డని ప్లైవుడ్ మీద బిగదీసి మేకులు కొట్టి, మెత్తటి షూ ముందు భాగానికి బొగ్గు ముక్క కట్టాం. ఆ ప్లైవుడ్ స్టేజీకి ఒక పక్కన ఉంటుంది, మిగతా 21 మంది తమ వినైల్ మీద తాము, దాని దరిదాపులకి రారు.

గీసేది నలభై దాటిన ఆవిడ. మిగతావాళ్లు ఎగురుతుంటే తను ఎగరలేకపోతున్నానని వెనక వరుసలో ఉండేవారు. నెమ్మదిగా, తొందర లేకుండా కాలు తిప్పడం ఆవిడకి వచ్చినట్టు ఆ ఇరవై ఏళ్ల పిల్లలకి రాదు. పిల్లల గీత తెగిపోతుంది, ఆవిడది తెగదు. నిలబడ్డ కాలు కొంచెం కొంచెం తిప్పుకుంటూ తొమ్మిది నిమిషాలు గీస్తారు. ఆ కాలున్న చోట మాత్రం గుడ్డ తెల్లగా మిగులుతుంది. చందమామ గుండ్రంగా రాదు, ఒక పక్క నొక్కుకుపోతుంది. నేను సరిచేద్దామని వెళ్లి ఆగిపోయాను.

తర్వాత గుడ్డకి పైన కట్టిన తాళ్లు లాగితే అది లేచి వెనక తెర అవుతుంది. మేడం అడిగిన చందమామ తెర! చెరువు మాత్రం వదులుకున్నారు. చెట్ల గురించి ఇంకా అప్పుడప్పుడు అడుగుతున్నారు.

పేరు పక్కపక్కనే వేస్తామని రాసిచ్చారు. కూలి అనుకున్నదానికంటే తక్కువే, గుడ్డ మాత్రం నాది. తాళ్లు కట్టడానికి తాతగారు ఇవాళ రెండు బస్సులు మారి వచ్చారు. మేకులు తీయకుండా గుడ్డ లేస్తుందా అని నేనడిగితే ఒక చూపు చూశారు. మేకుల చోట పురికొస ముడులు వేశారు, ఒక్క లాగుతో అన్నీ విడిపోతాయి. ఆహ్వానంలో ఆయన పేరు కూడా పడుతోంది. ఇంటిపేరు రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఊరికే_చదువుతా · శనివారం, రాత్రి 11:31

పాస్‌లు ఉన్నాయా, టికెట్టా?

కుంచె_కాగితం · శనివారం, రాత్రి 11:33

టికెట్టే. మీకు బాల్కనీ ఇప్పిస్తా, పైనుంచే బాగా కనబడుతుంది.

లైటుబాయ్_కాచిగూడ · ఆదివారం, రాత్రి 12:50

మంచిగ చెప్పినవ్ అక్కా, ఒక్కటి మర్చిపోయినవ్. ఇవాళ గుడ్డ లేపినప్పుడు మసి అంతా ముందు వరుస లైట్ల మీద పడింది, నా జిలెటిన్ పేపర్లు నల్లగైనయి. రేపు పొద్దున తడిబట్ట పట్టుకుని వచ్చేయ్.